పాత కాంబీ క్యాంపర్ వ్యాన్ బాగుచేయడం: ముందు సస్పెన్షన్, ఆ తర్వాతే రంగు

పాత ఫోక్స్‌వ్యాగన్ కాంబీ క్యాంపర్ (లోపలే వండుకుని పడుకునే వ్యాను) కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని ముందు రంగు షాపుకే తోలుకెళ్తారు. రెండు రంగుల పెయింటు, కొత్త సీటు కవర్లు, లోపల చెక్కపని అన్నీ అయ్యాక రోడ్డెక్కితే వ్యాను ఒక పక్కకు లాగుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు చక్రాల దగ్గర దబ్బుమంటుంది. అప్పుడు మళ్లీ జాకీ పెట్టి, తుప్పు పట్టిన చోట వెల్డింగ్ కొట్టి, ఆ కొత్త రంగును కాల్చుకోవాల్సి వస్తుంది. అందుకే వరస ముఖ్యం: కాగితాలు, కింది తుప్పు, సస్పెన్షన్, స్టీరింగు, బ్రేకులు, పెట్రోలు పైపులు, వైరింగు. రంగు, చెక్కపని వీటన్నిటి తర్వాతే.

ఇక్కడ చెప్పేది 1967 ఆగస్టు నుంచి 1979 దాకా జర్మనీలో తయారైన రెండో తరం టైప్ 2 గురించి. ముందు ఒకే పెద్ద అద్దం, వెనక గాలితో చల్లబడే ఇంజిను ఉన్న వ్యాను అది. బ్రెజిల్‌లో 2013 చివరిదాకా దీన్ని తయారు చేస్తూనే వచ్చారు కాబట్టి బుష్షులు, సీళ్లు, బాల్ జాయింట్ల (గుండు కీళ్ల) లాంటివి ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి.

కొనే ముందు, లేదా కొన్న మర్నాడు

ఛాసిస్ నంబరు ఇంజిన్ గదిలో కుడి పక్క రేకు మీద కొట్టి ఉంటుంది. డీజిల్ గుడ్డతో తుడిచి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ముందు సీటు వెనక గోడకు ఒక చిన్న లోహపు పలక ఉంటుంది. వ్యాను ఫ్యాక్టరీ నుంచి ఏ సామానుతో బయటికొచ్చిందో దాని మీది అంకెలు చెబుతాయి. ఈ రెండు చోట్లా రంగు గీకేవాణ్ని, వెల్డింగ్ చేసేవాణ్ని చేయి పెట్టనివ్వకండి.

50 ఏళ్లు దాటిన బండికి 2021 సవరణ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, ఫీజు 20,000 రూపాయలు. కానీ దాని మీద రోజువారీ తిరగడం కుదరదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే తీయాలి. కుటుంబంతో ఊళ్లు తిరిగే క్యాంపర్ కావాలంటే మామూలు ఆర్‌సీనే బతికించుకోవాలి. 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్లకు ఆ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 80,000 రూపాయలు చేశారు. బేరమాడేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. స్టీరింగు ఎడమ పక్క ఉంటే ఇండికేటర్లు పనిచేయాల్సిందే, మోటారు వాహనాల చట్టం అడిగేది అదే.

కింద పడుకుని చూడాల్సినవి

జాకీ పెట్టే చోట్లు, ముందు బీమ్ (ముందు చక్రాలను మోసే రెండు అడ్డ ట్యూబుల చట్రం) ఫ్రేముకు బిగుసుకునే చోట్లు, వెనక టార్షన్ ట్యూబు (వెనక స్ప్రింగు రాడ్డు ఉండే గొట్టం) చివర్లు, క్యాబిన్ నేల, చక్రాల లోపలి గోడలు: ఈ ఐదు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు, లప్పం పూసిన రేకు మొద్దుగా పలుకుతాయి. అయస్కాంతం అంటని చోట రేకు లేనట్టే. ఒకప్పుడు చెన్నైలోనో మంగళూరులోనో సముద్రపు గాలికి నిలబడిన బండైతే ముందు బీమ్ కింది ట్యూబు అడుగును ప్రత్యేకంగా చూడండి. నీళ్లు, మట్టి అక్కడే నిలుస్తాయి. ఆ ట్యూబుకు చిల్లి పడితే అతుకు వేయించవద్దు, బీమ్ మార్చాలి.

బరువు మోసే చోట రేకు కోసి కొత్తది వెల్డ్ చేయాల్సి వస్తే పాత రేకు కంటే పలచనిది వాడకండి. తలుపులు మూసిపెట్టి, బండిని సమంగా స్టాండ్ల మీద నిలిపి చేయించండి. లేకపోతే వెల్డింగ్ వేడికి బాడీ లాగి, జరిగే తలుపు మళ్లీ సరిగా పడదు.

ఎక్కడ అరిగిందో కనిపెట్టడం

మీ వ్యాను ముందు బీమ్‌లో కాయిల్ స్ప్రింగులు ఉండవు. రెండు అడ్డ ట్యూబుల్లో సన్నటి ఉక్కు పట్టీల కట్టలు మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేస్తాయి. వెనక ఒక్కో పక్కకు ఒక్కో గుండ్రటి టార్షన్ రాడ్డు. "స్ప్రింగు చచ్చిపోయింది, కాయిల్ వేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈ ఉక్కు అంత తేలిగ్గా అలసిపోదు. సాధారణంగా పోయేవి రబ్బరు, బేరింగులు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు.

సమమైన నేల మీద నిలిపి టైర్లలో గాలి సరిచేయండి. హబ్ మధ్య నుంచి చక్రం పైన ఉన్న బాడీ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. కుడి ఎడమల మధ్య 10 మి.మీ. దాటి తేడా ఉంటే కారణం వెతకాలి. బంప్ స్టాప్ రబ్బరుకూ (ఆర్మ్ మరీ పైకి లేవకుండా ఆపేది) ఆర్మ్‌కూ (చక్రాన్ని బీమ్‌కు కలిపే చేయి) మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడే రబ్బరు మీద కూర్చుంటే ప్రతి గుంతా నేరుగా బాడీకే తగులుతుంది.

తర్వాత ముందు బీమ్ కింద జాకీ పెట్టి చక్రం లేపండి. పైన ఒక చేయి, కింద ఒక చేయి పట్టుకుని ఊపండి. ఆట (వదులు కదలిక) ఉంటే లోపల ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట మాయమైతే అది చక్రం బేరింగు. అలాగే ఉంటే బాల్ జాయింటు. ముందు బేరింగుకు డయల్ గేజ్ మీద 0.03 నుంచి 0.12 మి.మీ. ఆట ఉండటం సహజమే, దాన్ని పూర్తిగా బిగిస్తే బేరింగు కాలిపోతుంది. బాల్ జాయింటును నమ్మకంగా చూడాలంటే ఆర్మ్ చివరకూ నకిల్‌కూ (చక్రం ఇరుసును పట్టుకునే ముక్క) మధ్య గడ్డపలుగులాంటి కమ్మీ పెట్టి మెల్లగా ఎత్తండి. టక్కుమని చప్పుడొస్తే, కంటికి కదలిక కనిపిస్తే మార్చాలి. చిరిగిన బూటు (రబ్బరు తొడుగు) ఉన్న జాయింటు ఇవాళ గట్టిగా ఉన్నా లోపల ఇసుక చేరినట్టే.

ట్యూబు నోటి దగ్గర ఆర్మ్‌ను కూడా పైకీ కిందికీ కదపండి. అక్కడ ఆట కనిపిస్తే నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి రోలర్ల బేరింగులు) పోయాయి. చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు ఆట వస్తే అది స్టీరింగుది. ఒకరు స్టీరింగు కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే మీరు కింద నుంచి బాక్సు, దాన్నుంచి వచ్చే కడ్డీ (డ్రాగ్ లింకు), మధ్యలో ఊగే స్వింగ్ లివర్, అక్కడి నుంచి చక్రాలకు పోయే టై రాడ్లు వరసగా చూసుకుంటూ పోండి. కదలిక ఎక్కడ ఆగిపోతుందో తప్పు అక్కడే. ఎక్కువసార్లు అది స్వింగ్ లివర్ బుష్షే అవుతుంది, నింద మాత్రం స్టీరింగు బాక్సు మీద పడుతుంది. అరిగిన బుష్షును అలాగే ఉంచి బాక్సు స్క్రూ బిగిస్తే నేరుగా పోయేటప్పుడు స్టీరింగు పట్టేస్తుంది, మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు.

సామాను

ముందు భాగానికి: బాల్ జాయింట్లు 4, బీమ్ నీడిల్ బేరింగులు, లోపలి బుష్షులు, ఆర్మ్ సీళ్లు 4, టై రాడ్ చివర్లు 4, స్వింగ్ లివర్ బుష్ కిట్, స్టీరింగు డ్యాంపర్, షాక్ అబ్జార్బర్లు 2, బంప్ స్టాపులు, యాంటీ రోల్ బార్ రబ్బర్లు, బ్రేకు హోసులు. వెనకకు: స్ప్రింగ్ ప్లేటు (టార్షన్ రాడ్డును వెనక ఆర్మ్‌కు కలిపే పట్టీ) రబ్బర్లు 4, డయాగనల్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే ఏటవాలు చేయి) బుష్షులు, షాక్ అబ్జార్బర్లు 2, సీవీ జాయింట్ల (ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే ఇరుసుల కీళ్లు) బూట్లు 4.

బేరింగులకు విదేశాలకు రాయాల్సిన పనిలేదు. పాతదాన్ని కడిగి అంచు మీది నంబరు చదివి బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు, జేసీ రోడ్డు బేరింగ్ షాపుల్లో చూపిస్తే చాలావాటికి జోడీ దొరుకుతుంది. రబ్బరు బుష్షులకు నమూనా ఇస్తే పీణ్యలో పాలీయూరితేన్‌లో చేసిపెట్టేవాళ్లున్నారు. బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు మాత్రం లేత్ మీద చేయించడం, పాతవాటికి వెల్డింగ్ పెట్టడం ఒప్పుకోకండి. అవి విరిగితే చక్రం పక్కకు పడిపోతుంది. "అన్నా, ఇంకో బండిది సరిపోతుంది, కొంచెం రుద్దితే చాలు" అని కౌంటర్‌లో చెప్పినా తీసుకోవద్దు.

ముందు బీమ్ పని

బండి కింద స్టాండ్లు ఫ్రేముకు పెట్టాలి, నేల రేకుకు కాదు. పనికి రెండు రోజుల ముందే బోల్టులన్నిటికీ జామ్ వదిలించే నూనె కొట్టి, పొద్దునా సాయంత్రం మళ్లీ కొడుతూ ఉండండి. టై రాడ్ చివర్లను నట్టు మీద సుత్తితో కొట్టి ఊడదీయకండి, మర చెడిపోతుంది. పుల్లర్ బిగించి, కన్ను పక్కన ఒక్క దెబ్బ వేస్తే ఊడుతుంది.

పై బాల్ జాయింటు దగ్గర కాంబర్ (చక్రం నిలువుకు ఎంత వాలిందో ఆ కోణం) సర్దే బుష్షు ఒకటి ఉంటుంది, దాని రంధ్రం నడిమధ్యన కాకుండా పక్కకు ఉంటుంది. దాని గాడి ఏ వైపు ఉందో ఊడదీసే ముందు ఫోటో తీసుకోండి. మళ్లీ బిగించేటప్పుడు గాడి ముందుకు చూసేలా పెట్టి, అక్కడి నుంచి అలైన్‌మెంట్ షాపులో సర్దించాలి.

ఆర్మ్‌లను పట్టీల కట్టకు పట్టి ఉంచేది చిన్న సెట్ స్క్రూ, దాని మీద లాక్ నట్టు. నట్టు వదులు చేసి స్క్రూ తీసి ఆర్మ్‌ను బయటికి లాగండి. వచ్చిన గ్రీజును వేళ్ల మధ్య నలిపి చూడండి. నల్లగా జిగటగా ఉంటే పర్వాలేదు. ఇటుక పొడి రంగులో గరగరలాడుతుంటే నీళ్లు దిగాయి. ఆర్మ్ మీద సూదులు తిరిగే మెరిసే పట్టీని గోటితో అడ్డంగా గీకండి. గోరు గాళ్లలో తట్టుకుంటుంటే కొత్త బేరింగు వేసినా మూడు నెలల్లో మళ్లీ ఆట వస్తుంది. ఆ ఆర్మ్ మార్చాలి. ఖర్చు తగ్గించుకోవాలని ఎక్కువమంది ఇక్కడే రాజీపడతారు, పని మొత్తం వృథా అయ్యేది కూడా ఇక్కడే.

పట్టీల కట్టను తీసేటప్పుడు విడిపోకుండా తీగతో రెండు చోట్ల కట్టండి. మధ్యలో ఉన్న గుంట బీమ్ మధ్య స్క్రూ కింద కూర్చోవాలి. ట్యూబు లోపల డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, కట్టకు నిండా గ్రీజు పూసి లోపలికి పెట్టండి. మధ్య స్క్రూ, చివరి స్క్రూలు గుంటల్లో పడ్డాయని చేతితో తెలుసుకున్నాకే లాక్ నట్లు బిగించాలి. స్క్రూ గుంట పక్కన కూర్చుంటే బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆర్మ్ బయటికి జరగడం మొదలవుతుంది.

పాత బాల్ జాయింట్లను సుత్తితో కొట్టవద్దు. లేత్ వర్క్‌షాపులో హైడ్రాలిక్ ప్రెస్సు మీద, ఆర్మ్ కన్ను కింద మందమైన గొట్టం ఆనించి నెట్టించండి. కొత్త జాయింటును రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి తీసుకెళ్తే తేలిగ్గా దిగుతుంది. పాతదాని మీది గుర్తు ఆర్మ్ మీది గుర్తుకు ఎదురుగా ఎలా ఉందో అలాగే కొత్తదీ దిగాలి. వంకరగా దిగితే జాయింటు ఒక వైపు ముందే ఆగిపోతుంది. చేత్తో నెడితేనే లోపలికి జారిపోయిందా, ఆర్మ్ కన్ను వెడల్పయిందన్నమాట. దానికి ఓవర్‌సైజు జాయింటు దొరుకుతుంది. చుట్టూ వెల్డింగ్ చుక్కలు పెట్టి నిలబెట్టడం ప్రాణానికి తెచ్చుకోవడమే.

అన్నీ బిగించాక ముందు భాగాన్ని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా బీమ్ నిపుల్స్‌కు గ్రీజు గన్ను పెట్టండి. సీళ్ల దగ్గర కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. బండి బరువు చక్రాల మీద ఉండగా కొడితే బరువు ఆనిన వైపుకు గ్రీజు సరిగా చేరదు.

వెనక స్ప్రింగ్ ప్లేట్లు: జాగ్రత్త

మొత్తం పనిలో మనిషిని గాయపరిచే ప్రమాదం ఎక్కువగా ఉన్న దశ ఇది. ప్లేటు పూర్తిగా కిందికి వేలాడుతున్నట్టు కనిపించినా లోపల రాడ్డు ఇంకా మెలితిరిగే ఉంటుంది, ప్లేటు కింది ఆపు మీద ఆనుకుని నిలబడి ఉంటుంది. దాని ముందు మొహం పెట్టకండి.

మొదట సీవీ జాయింట్ బోల్టులు. వీటి తలలో 12 మూలల గుంట ఉంటుంది, దాని నిండా మట్టి, గ్రీజు. సూదితో గీకి, బిట్‌ను సుత్తితో లోపలికి దిగేలా కొట్టాకే తిప్పండి. సగం దిగిన బిట్‌తో తిప్పితే తల గుండ్రమైపోయి, ఒక్క బోల్టు కోసం ఒక పూట పోతుంది. జాయింటును కడిగి, గోళీల దారుల్లో గుంటలు లేకపోతే ఒక్కోదానికి సుమారు 90 గ్రాముల మోలీ గ్రీజు పెట్టి కొత్త బూటు వేయండి. తిరిగి బిగించేటప్పుడు 35 న్యూటన్ మీటర్లు, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి.

ప్లేటును ఆర్మ్‌కు పట్టించే బోల్టులు వదులు చేసే ముందు, ప్లేటు అంచు పడే చోట ఆర్మ్ మీద ఉలితో గీత కొట్టండి. పెయింటు గీత డీజిల్‌తో కడిగితే పోతుంది. వెనక చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఆ గీత మీదే ఆధారపడి ఉంది.

ఆ తర్వాత షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసి, ఆర్మ్‌ను విడదీసి, బ్రేకు హోసు లాగబడకుండా తీగతో వేలాడదీయండి. ట్యూబు చివరి మూత తీయండి. ప్లేటు చివర చుట్టూ గొలుసు వేసి ఫ్రేముకు కట్టి, కింద ట్రాలీ జాకీ పెట్టి ప్లేటును ఆపు నుంచి కొంచెం పైకి లేపండి. మెల్లగా బయటికి లాగి ఆపు దాటించి, జాకీ దించండి. గొలుసు ఎందుకంటే, జాకీ జారితే ప్లేటును ఆపేది అదొక్కటే.

ఇప్పుడు ప్లేటు స్వేచ్ఛగా వేలాడుతుంది. డిజిటల్ యాంగిల్ గేజ్‌తో ఫ్రేము వాలునూ ప్లేటు వాలునూ కొలిచి తేడా రాసుకోండి. ఈ కోణం సంవత్సరాన్ని బట్టి, వ్యాను రకాన్ని బట్టి మారుతుంది, మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లోని అంకెనే పట్టండి. రాడ్డుకు లోపలి చివర పళ్ల లెక్క వేరు, బయటి చివర లెక్క వేరు. లోపల ఒక పన్ను ఒక దిక్కుకు, బయట ఒక పన్ను ఎదురు దిక్కుకు జరిపితే ఒక డిగ్రీ కూడా మారనంత సన్నటి సర్దుబాటు దొరుకుతుంది. ఒక్క చివరే జరిపితే ఏకంగా ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు మారిపోయి బండి వెనక భాగం ఆకాశానికి లేస్తుంది.

రాడ్డును పూర్తిగా బయటికి తీస్తే మూడు విషయాలు మరవకండి. కుడిది కుడికే, ఎడమది ఎడమకే. తయారీలోనే ఒక్కోదాన్ని ఒక్కో దిక్కుకు మెలిపెట్టి ఉంచారు. దాని మీది రంగు గీసుకుపోతే మళ్లీ రంగు వేసి ఆరనివ్వండి, ఎందుకంటే గీత దగ్గర తుప్పు మొదలై అక్కడే ఉక్కు పగులుతుంది. గ్యాస్ మంట దాని దగ్గరికి రానివ్వకండి. వేడికి ఉక్కు పదును పోతుంది, ఆ తర్వాత అది ఉత్త కమ్మీ.

కొత్త రబ్బర్లకు గ్రీజు కాదు, టాల్కం పౌడరు పూయాలి. గ్రీజు తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రబ్బరు మీద పైవైపు గుర్తు ఉంటుంది, అది పైకే ఉండాలి. కొత్త రబ్బరు మందంగా ఉండి మూత బోల్టులు అందకపోతే ఎదురెదురు రంధ్రాల్లో రెండు పొడుగు బోల్టులు వేసి మూతను సమంగా లోపలికి లాగి, మిగతావి బిగించాక వాటినీ మార్చేయండి. డయాగనల్ ఆర్మ్ బోల్టును చివరిసారి బిగించేది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు రోజంతా మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

వెనక చక్రం బేరింగులు కూడా మార్చాలనుకుంటే 1971 తర్వాతి బండ్లకు 46 మి.మీ. సాకెట్ కావాలి. ఆ నట్టు బిగింపు 300 న్యూటన్ మీటర్లు దాటుతుంది. పెద్ద టార్క్ రెంచి ఉన్న లారీ గ్యారేజీలో చేయించడం మేలు.

షాక్ అబ్జార్బర్లు, టైర్లు

బెంగళూరు హంపుల మీద గట్టి గ్యాస్ షాకులు వేసుకుంటే గిన్నెల అల్మారా మొత్తం కదులుతుంది, షాకు పట్టు దగ్గర పగుళ్లు వస్తాయి. అసలు లక్షణానికి దగ్గరగా ఉండే ఆయిల్ షాకులే సరి. ఎత్తు పెంచడానికి గాలి నింపే షాకులు వేయకండి, ఆ పట్టు బరువు మోయడానికి చేసింది కాదు. టైర్లు 185 ఆర్14, బరువు మోసే రకమే. చిన్న పికప్ ట్రక్కులకు వేసే ఎల్‌టీ టైర్లలో ఈ సైజు దొరుకుతుంది. గాలి ముందు 30, వెనక 40 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. పక్క మీది నాలుగంకెల తారీఖు ఆరేళ్లు దాటి ఉంటే, గీతలు కొత్తగా కనిపించినా పక్కన పెట్టండి.

మిగతా పని, బరువు లెక్క

పెట్రోలు హోసులన్నీ, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా, ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దానికి ఉబ్బి పగులుతుంది. వెనక ఇంజిన్ ఉన్న ఈ వ్యాన్లు తగలబడటానికి పెద్ద కారణం ఆ పైపులే. గ్యాస్ స్టవ్ పెట్టుకుంటే నేల దగ్గర గాలి రంధ్రం ఉండాలి, గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి కిందికే దిగుతుంది.

చెక్కపనికి ముందు బరువు కూడండి. 18 మి.మీ. ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది, 12 మి.మీ. అయితే 25 లోపే. నిండు 14.2 కిలోల గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు, 40 లీటర్ల నీళ్లు 40 కిలోలు. ఇవన్నీ వెనక ఒకే పక్కకు చేరితే మీరు అంత కష్టపడి సర్దిన ఎత్తు ఆ పక్కకే ఒరుగుతుంది. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ ఎదురెదురు పక్కల పెట్టండి.

సామాను ఇంకా సిద్ధం కాకపోతే అంతే బరువు ఇసుక బస్తాలు అక్కడే పెట్టి, వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి తూకం వేయించండి. 100 కిలోమీటర్లు తిప్పాక నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలవండి, కొత్త రబ్బరు కొంచెం కూర్చుంటుంది. అలైన్‌మెంట్ ఆ తర్వాత, బరువు లోపల ఉండగానే. ముందు కాంబర్ సుమారు 40 నిమిషాలు (డిగ్రీలో మూడింట రెండు వంతులు) పాజిటివ్, క్యాస్టర్ (స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 3 డిగ్రీల దగ్గర ఉండాలని షాపువాడికి ముందే చెప్పండి. క్యాస్టర్ సర్దడానికి ఇందులో ఏర్పాటు లేదు. అది రెండు పక్కలా బాగా వేరుగా వస్తే బీమ్ వంగి ఉంది.

పరీక్షకు హైవే 44 మీద దేవనహళ్లి వైపు తెల్లవారుజామున వెళ్లండి. గంటకు 70 దగ్గర స్టీరింగు వదులుగా పట్టుకుంటే బండి నేరుగా పోవాలి. నంది కొండ దిగేటప్పుడు రెండో గేరులోనే దిగి, అడుగున ఆగి నాలుగు హబ్‌లనూ చేత్తో దగ్గరగా చూడండి. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడెక్కితే ఆ పక్క బేరింగో బ్రేకో పట్టేస్తోంది. అది సరిగా ఉంటే మరో వారం లేపాక్షి దాకా సుమారు 120 కిలోమీటర్లు పోయి రండి. తిరిగొచ్చాక టై రాడ్ నట్లు, బీమ్ బోల్టులు, స్ప్రింగ్ ప్లేటు బోల్టులు, సీవీ బోల్టులు మళ్లీ పానా పెట్టి చూసి, ఒక్కోదాని మీద పెయింటు చుక్క పెట్టండి. ఏ చుక్క చీలినా ఆ బోల్టు కదిలినట్టే, దాన్ని తీసి మర చూసి మళ్లీ బిగించండి.